నీ అక్షరాలున్న గిన్నె

సుగుణా,

నీ సంవత్సరీకానికి వండిన పాయసం పక్కింటి కాంతమ్మకు పంపాను. పాయసం పోసిన గిన్నె ఇవాళ్టిదాకా తిరిగి రాలేదు. మన ఇంటిపేరు, నీ పేరు కలిపి నువ్వు అంగట్లో దగ్గరుండి “కె.సు.” అని చెక్కించుకున్న గిన్నె అది. ఈరోజే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి నగరి ఊరికి వెళ్తున్నారు. అడగడానికి నోరు రాక సామాన్ల ఆటో చుట్టూ తిరిగాను.

“ఏంది మామా, గిన్నె కోసమా? ఉత్తది ఎట్టా ఇచ్చేది? సర్దుకునే పనిలో పొయ్యే ఎలిగించలా. ఉండు,” అంటూ కాంతమ్మ అందులో ఇంత బెల్లం వేసి ఇచ్చింది.

ఇంటికొచ్చి వేలితో తడిమి చూశాను. “సు” దాదాపు అరిగిపోయింది. నువ్వు పోయాక ఏడాది పాటు దాన్ని రోజూ తోమింది నేనే.

ఇకమీదట ఆ చోట పీచు పెట్టను.