పొడుగు ఫోర్కు

శనివారం. పగలంతా మబ్బు, మధ్యమధ్యలో తుంపర. షాపులో పంక్చర్లు చూసే తొట్టి కడిగి కొత్త నీళ్లు పోశాను.

మధ్యాహ్నం మా గౌరి తన కొండ సైకిల్ తెచ్చింది. రేపు హార్సిలీ కొండ రాళ్లదారిలో దిగుతుందట. "నాయినా, దిగేటప్పుడు హ్యాండిల్ వణుకుతాండాది. ఈ పొడుగు ఫోర్కు ఎయ్యి" అంది. ముందు చక్రాన్ని పట్టుకునే పాత ఫోర్కు తీసి అది వేశాను. సైకిల్ ముందు భాగం లేచింది, చక్రం ఇంకాస్త ముందుకు జరిగింది.

మా ఆవిడ రత్నమ్మ చూసి నవ్వింది. "మళ్లా మేకపోతును తయారు చేసినావా?"

పెళ్లయిన కొత్తలో పుంగనూరులో మా సైకిల్ ఫోర్కు విరిగితే, దొరికిన పెద్ద సైకిల్ ఫోర్కు బిగించాను. ముక్కెత్తుకున్న ఆ సైకిల్‌ని వీధంతా మేకపోతు అనేది. ఎక్కుడు వస్తే ముందు చక్రం తేలిపోయేది, రత్నమ్మ దిగి నడిచేది. సదుం దారి దిగుడులో మాత్రం హ్యాండిల్ కాస్తయినా వణికేది కాదు. వణుకు లేకపోతే వేగం తెలియదు. ఒక మలుపులో ఇద్దరం పడ్డాం.

ఆ మాట గౌరికి ఎలా చెప్పాలా అని నట్లు బిగిస్తూనే ఉన్నాను. రత్నమ్మే మచ్చ పడిన మోచెయ్యి చాపింది. "మీ నాయిన చెప్పడు గానీ, ఈడ సూడు. మలుపుకు ముందే బ్రేకు పట్టు తల్లీ."

గౌరి ఆ మచ్చ తడిమింది. "ఎంత స్పీడులో పడినారమ్మా?"

"తెలిసుంటే పడతామా?"

ముగ్గురం నవ్వాం. గౌరి లోపలికి పోయాక వెనక బ్రేకు మరోసారి బిగించాను.