రెండువేల మూడొందల పౌండ్ల బండి

ఏప్రిల్ 10, 1978

ప్రియమైన నాన్నకి,

నీ మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేద్దామంటే ముప్ఫై ఏళ్ళ ఇంజన్ల మోతకి నీ చెవులు పోయాయి. నేను అరిస్తే నీకు తప్ప మా వీధంతటికీ వినబడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

థర్మన్ బాబాయ్ టెన్నెసీలో తన పాత కొట్టం కూల్చేస్తున్నాడట. "మీ నాన్న రేసు బండి పట్టుకుపోతావా, కోళ్ళకి వదిలెయ్యమంటావా?" అని కబురు పెట్టాడు. తెచ్చుకుంటున్నాను నాన్నా! ఇక్కడి మట్టి ట్రాక్‌లో ఈ వేసవి నుంచి ఆడవాళ్ళకీ పోటీ పెడుతున్నారు. నీ పదిహేడో నంబరు బండి నేను నడుపుతాను.

అక్కణ్ణుంచి మా కరోలినా వైపుకి కొండ దిగాలి కదా, అందుకని నీ అల్లుడు రోయ్స్, నేనూ కూర్చుని లెక్క వేశాం. రోయ్స్ తెచ్చే ట్రైలర్‌కి బ్రేకులు లేవు. దాని బరువుతో కలిపి మూడువేల అయిదొందల పౌండ్లు మించకూడదని దానికి కొట్టిన రేకు పలక మీద రాసి ఉంది. ట్రైలర్ వెయ్యి. బండి, నువ్వు ఊరూరా చెప్పే రెండువేల మూడొందలు. ఇంకా రెండొందలు మిగిలింది, విడి టైర్లు కూడా వేసుకోవచ్చు. లెక్క సరేనా? ఇరవై తొమ్మిది, శనివారం వెళ్తాం.

నీ ముద్దుల కూతురు,
నోరీన్

ఏప్రిల్ 15

చిట్టితల్లికి,

మోకాలు నా మాట వినడం ఎప్పుడో మానేసింది. పక్కింటి ఐడెల్ బీన్సు కూర, మొక్కజొన్న రొట్టె పంపుతోంది కాబట్టి అలబామాలో బతికే ఉన్నాను.

బండికి అంత తొందరేమొచ్చింది? ఆ కొండ మంచిది కాదు. ఏప్రిల్లో వానలు. మీ చిన్న ట్రక్కు అసలు పనికిరాదు. ఎవరైనా పెద్ద లారీవాడికి అప్పజెప్పు. లేదా ఉత్తరం వైపు చుట్టూ తిరిగి రండి, రెండు రోజులు పడితే పట్టనీ. ఇంజన్ తుప్పు పట్టి ఉంటుంది. నన్నడిగితే కోళ్ళకే వదిలెయ్యమంటాను.

అల్లుణ్ణి అడిగానని చెప్పు.

మీ నాన్న,
ఆర్లిస్

ఏప్రిల్ 19

నాన్నకి,

'ప్రియమైన' రాయలేదు, చూశావా? కావాలనే రాయలేదు.

లెక్క సరేనా అని ఒక్క మాట అడిగాను. నువ్వు ఆరు సాకులు రాశావు. నిజం చెప్పు, రోయ్స్ అడిగుంటే ఇలాగే రాసేవాడివా? గేరుపెట్టె విప్పడం నాకు పన్నెండేళ్ళప్పుడు నువ్వే నేర్పావు. ఆడపిల్ల నీ బండి ఎక్కితే నీకు నామోషీ అని అప్పుడే చెప్పుంటే బొమ్మలతో ఆడుకునేదాన్ని కదా!

నాకు చాలా బాధగా ఉంది. అయినా వెళ్తాను. లాంతరు పట్టుకుని వెతికినా అంత తేలిక బండి దొరకదని నువ్వేగా అనేవాడివి. నీ రెండువేల మూడొందలనే నమ్ముకుని ఆ కొండ దిగుతాను.

నోరీన్

ఏప్రిల్ 26, బుధవారం

తల్లీ,

బండి రెండువేల మూడొందలు కాదు. మూడువేలు. ఆ ట్రైలర్ మీద ఎక్కించకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఆ రోజుల్లో మా ట్రాక్‌లో కాటా లేదు. ఎవడి నోటికొచ్చిందే వాడి బండి బరువు. బండి తేలికైతే కట్టినవాడు మొనగాడని లెక్క. అందుకని అందరూ ఓ రెండొందలు మింగేసేవాళ్ళు, నేనూ మింగేశాను. మిగతా అయిదొందలు మీ అమ్మవి. నువ్వు పుట్టిన నెలకే మా జట్టువాడొకడు బండి పల్టీ కొట్టి నడుం విరగ్గొట్టుకున్నాడు. "డ్రైవర్ చుట్టూ ఇనుమైనా పెట్టు, కొట్టంలోనైనా పడుకో" అంది వెర్నా. డ్రైవర్ని కాపాడే గొట్టాలన్నీ రెండేసి పెట్టి అతికాను, తలుపులో ఇనప రేకు వేశాను. పెళ్ళానికి భయపడి బండి బరువెక్కించాడని తెలిస్తే ట్రాక్‌లో తలెత్తుకోనిస్తారా? ఎవరూ లేనప్పుడు చేసి, పైన రంగేసి, నోరు మూసుకున్నాను.

నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. పాతికేళ్ళ గొప్ప ఒక్క ఉత్తరంతో పోతుందని సిగ్గేసింది. నువ్వు నడపలేవని ఒక్క క్షణం కూడా అనుకోలేదమ్మా.

ఉత్తరం వేళకి చేరుతుందో లేదో. ఐడెల్ చేత ఫోన్ చేయిస్తాను. ఆవిడకి చెబితే ఆదివారం చర్చి నాటికి ఊరంతా తెలిసిపోతుంది. తెలియనీ.

గురువారం: ఐడెల్ మీ అత్తగారితో మాట్లాడింది. థర్మన్ తొందరపెట్టాడని నిన్ననే బయల్దేరారట. ఈ కాగితం పోస్టు చేసి ఏం లాభమో తెలియదు. అయినా చేస్తున్నాను.

నాన్న

ఏప్రిల్ 29

ప్రియాతిప్రియమైన నాన్నకి,

క్షేమంగా చేరామని ఐడెల్ గారికి ఫోన్లో చెప్పాను. నువ్వు వరండాలో కూలబడి ఏడ్చావని ఆవిడ చెప్పింది, ఏం దాచలేదు. మిగతా కథ ఇదిగో.

బండిని ట్రైలర్ మీదకి తోయగానే కమానులు అణిగిపోయి టైర్లు ఉబ్బాయి. "బరువెక్కువైంది" అన్నాడు రోయ్స్. "మా నాన్న చెప్పాడు, రెండువేల మూడొందలు!" అని అతని మీదకి లేచాను. పాపం, అతను బండిని దింపి, చక్రాల కింద ముందునుంచీ వెనకనుంచీ కాగితం దూర్చి, నేలకి ఆనినంత మేర పొడవూ వెడల్పూ కొలిచాడు. దాన్ని టైర్లలో గాలి ఒత్తిడితో హెచ్చవేసి, నాలుగు చక్రాలవీ కలిపి నా చేతికిచ్చాడు. మూడువేలకి దగ్గర. లెక్క తప్పి ఉంటుందని నేను మళ్ళీ కొలిచాను. అంతే వచ్చింది.

థర్మన్ బాబాయ్ పగలబడి నవ్వాడు. "మీ నాన్న చెప్పిన బరువుకి రెండొందలు కలుపుకోవాలని ఊరందరికీ తెలుసమ్మాయ్! మరి ఈ మిగతా అయిదొందలు ఎక్కడివి?" అన్నాడు. బండిలోకి దూరి చూశాను. గొట్టం పక్కన గొట్టం, తలుపులో రేకు. బాబాయ్ కూడా తల లోపలికి పెట్టి గొట్టాలన్నీ తడిమి చూశాడు. "ఈ ఇనుమంతా మోస్తూ మమ్మల్ని ఓడించాడా వెధవ!" అన్నాడు చివరికి. దాణా మిల్లు కాటా మీద తూస్తే మూడువేల అరవై. మిల్లాయనే బ్రేకులున్న జంట ఇరుసుల ట్రైలర్, పెద్ద ట్రక్కు ఇచ్చాడు. కిందిగేరులో, వెనకవాళ్ళ తిట్లు తింటూ నేనే కొండ దింపాను.

ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం. పోస్టు డబ్బా దగ్గరే నిలబడి చదివాను. పది రోజులుగా నువ్వు నన్ను నమ్మలేదని కుమిలిపోయాను నాన్నా. తీరా చూస్తే ఉత్త అబద్ధాలకోరువి, అంతేనా! నాన్న అబద్ధమాడాడని తెలిసి ఇంత సంతోషపడ్డ కూతురు ఇంకెక్కడా ఉండదు. గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

ఇనుము తీసేస్తే గెలుస్తావని అందరూ అంటున్నారు. ఒక్క గొట్టం కూడా తియ్యను. బరువెంతని అడిగితే నిజమే చెబుతాను. తలుపు మీద నీ పేరు అలాగే ఉంది. దాని పక్కన, బండి కట్టినవాళ్ళ వరసలో, అమ్మ పేరు రాయించాను.

నీ నోరీన్