ఆయిల్ ఇంజను ధర మీద ఇచ్చిన మాట

అన్నయ్యా,

గెలిచి చేతికందబోతున్న తగాదాని ఒక్క ఫోన్‌తో పాడు చేసింది ఏలూరు షాపువాడు కాదు, నువ్వే. ముందు ఆ సంగతి ఒప్పుకుని, తర్వాత నా నమస్కారాలు అందుకో. నువ్వూ వదినా కులాసాయేనా? అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు.

తాడేపల్లిగూడెం వచ్చి నాలుగు నెలలు దాటింది. కాలేజీలో పాఠాలు చెప్పడం బాగానే సాగుతోంది. ఉల్లిపాయల మార్కెట్ వైపు నుంచి గాలి వీచిందంటే నా మేడ మీద గదిలో వండకముందే కూర వాసన. ఎండ మన ముదినేపల్లి ఎండే, నీడే తక్కువ. వదిన చేతి చేపల పులుసు తలుచుకుంటూ హోటల్ సాంబారు తింటున్నాను. సాయంత్రాలు మాట్లాడే మనిషి లేక ఇంటివాళ్ళ కుక్కతో రాజకీయాలు మాట్లాడుతున్నాను. నీకన్నా శ్రద్ధగా వింటోంది. బాగానే ఉన్నానులే, నిజంగానే.

ఫోన్ చేస్తే సగంలో "సరేలేవే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మనూళ్ళోకి ఆటో మీద మైకు పెట్టుకొచ్చి కరపత్రాలు పంచారు కదా. మా దగ్గర కొన్న ఆయిల్ ఇంజను నెలలోపు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా తక్కువకి దొరికితే తేడాకి రెట్టింపు ఇస్తాం అని. అదే నమ్మి నువ్వు గుడివాడలో కుదిరిన బేరం వదులుకుని ఏలూరు వెళ్ళావు. నెల తిరక్కుండానే మా కాలేజీ దారిలో ఉన్న షాపులో అదే కంపెనీ, అదే మోడల్, తక్కువ ధరకి కనిపించింది. ధర కాగితం మీద రాయించుకుని, మన బిల్లూ కరపత్రమూ పట్టుకుని ఏలూరు బస్సెక్కాను.

ఓనరు మర్యాదస్తుడే. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ముందు షరతులు వర్తిస్తాయన్నాడు. కరపత్రం రెండు వైపులా తిప్పి చూపించి, ఏ షరతండీ అని అడిగితే నవ్వేశాడు. అప్పుడు అసలు వాదన తీశాడు.

"ప్రకటన అంటే రమ్మని పిలవడమేనండీ మేడంగారూ. పిలుపు మీద కేసులుండవండి."

"రండి, చూడండి అంటే పిలుపేనండీ. ఫలానాది జరిగితే ఇంత ఇస్తామన్నాక అది మాట. ఆ మాట నమ్మి డబ్బు కట్టినవాడితో మీకు ఒప్పందం కుదిరినట్టే."

ఇది నా పైత్యం కాదు, కాంట్రాక్టు చట్టంలో ఉన్నదే. షరతు నెరవేర్చడమే, అంటే వాళ్ళు చెప్పినట్టు కొనడమే, ఆ మాటకి ఒప్పుకోవడం.

అలా లాభం లేదని, కొన్నది మీ అన్నయ్యగారు కదా, మీకేం హక్కండీ అన్నాడు. నా చెయ్యి మంచిదని, నాన్న కాలం నుంచీ మనింటికి ఏ యంత్రం వచ్చినా బిల్లు నా పేరునే రాయిస్తారు. ఆ మూఢనమ్మకాన్ని ఊహ తెలిసినప్పటి నుంచీ తిడుతూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం బిల్లు మీద నా పేరు చూపించి మహారాణిలా కూర్చున్నాను. కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయి నవ్వాపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకుంది. ఓనరు క్యాష్ డ్రాయరు తీశాడు కూడా. ఎందుకైనా మంచిదని నీకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"పోనీలెండి, మాకేం అక్కర్లేదండి. మా చెల్లాయి కొంచెం గట్టి మనిషి, ఏవీ అనుకోకండి," అన్నావు.

డ్రాయరు మూసుకుంది.

అడిగితే చిన్నతనం అంటావు. మైకులో ఊరూరా ఇచ్చిన మాట ఎగ్గొట్టేవాడికి లేని చిన్నతనం నీకెందుకు? వాళ్ళు ధర తగ్గించి అమ్మడం లేదు అన్నయ్యా, మన మొహమాటాన్ని లెక్కేసుకుని అమ్ముతున్నారు. వందమంది నమ్మి కొంటారు, ఒక్కరైనా వెనక్కొచ్చి అడగరు అన్నదే వాళ్ళ ధీమా. రేపు దెందులూరులో ఇంకో రైతు అదే కరపత్రం నమ్మి బస్సెక్కుతాడు. నీ మంచితనం ఖర్చు అతని నెత్తిన పడుతుంది.

కోప్పడకు. ఏలూరు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. లాయరు అక్కర్లేదు, నేనే వాదిస్తాను. ఇన్నాళ్ళకి నా నోరు పనికొచ్చే చోటు దొరికిందని ఎంత హుషారుగా ఉన్నానో చెప్పలేను. షాపువాడి జవాబు వచ్చింది. డబ్బు కట్టిన అన్నగారే వద్దన్నారు కాబట్టి ఇవ్వక్కర్లేదట. కేసు నిలిచినా పోయినా ఇప్పుడు నీ నోటి మాట మీదే. గెలుస్తామని హామీ ఇవ్వలేను, హామీల సంగతి చూస్తున్నాం కదా. అడక్కుండా ఓడిపోవడం మాత్రం నాకు చేతకాదు.

అమ్మ కాళ్ళకి దండం పెట్టానని చెప్పు. వదినకీ, వీధి చివర మావయ్యగారికీ నమస్కారాలు. నీ దీవెన కావాలి. దానితోపాటు ఇవి కూడా కావాలి:

1. కరపత్రం చూసే ఏలూరు వెళ్ళానని అఫిడవిట్ మీద సంతకం పెట్టు.
2. ఫోన్లో అన్నది మర్యాదకి అన్నదే గాని హక్కు వదులుకోవడం కాదని అందులో రాయించు.
3. కేసు తేలేదాకా ఇంజను ముట్టుకోవద్దని ఎవరైనా అంటే వినకు. నారుమడికి నీళ్ళు పెట్టుకో.
4. విచారణ రోజున ఎంత పనున్నా రా.
5. నష్టం ఎవరికి జరిగిందని అడిగితే నా వైపు చూడకు. "నాకేనండి" అను.

నీ చెల్లెలు,
భారతి