నక్షలో లేని నలభై ఒక్క గుడిసెలు

బాన్సువాడ తాలూకా తహసీల్దారు సాహెబు గారి సముఖమునకు,

ఇప్పలకుంట గ్రామ కాపురస్థుడు, ముత్తెన్న కొడుకు పండరి, షికారు హాకా పెద్ద, వ్రాసుకున్న అర్జీ.

ఇస్ఫందార్ మాసం, 1346 ఫసలీ, సోమవారం.

విషయం: వచ్చే గురువారం ఇప్పలకుంట సర్కారు అడవిలో జరుగవలసిన పై ఇలాకా దొరల దుప్పి షికారును నిలుపుదల చేయుట గురించి.

అయ్యా,

ఇదివరకు షికారు విషయమై తమ కచేరీ వాకబులకు రెండు మార్లు జవాబు పత్రాలు దాఖలు చేసుకున్న అర్జీదారు మూడవ మారు వినయంతో మనవి చేసుకొనునదేమనగా: నాగపూరు అవతల అంగ్రేజీ ఇలాకాలో ఉండే ముగ్గురు దొరలు ఏటేటా చలికాలంలో దుప్పుల షికారుకు మా సర్కారు అడవికి వస్తారు. చోటు ఎంచడం, నక్ష గీసి పంపడం, మంచెలు కట్టించడం, హాకాకు జనాన్ని కూర్చడం మూడేండ్లుగా ఈ అర్జీదారు పని. హాకా అనగా డప్పులూ డబ్బాలూ మోగించి జంతువులను తుపాకుల ముందుకు తోలడం. ఈ ఏటి షికారు గురువారం పొద్దున అని ఖాయమైనది. దానిని నిలుపవలసిన కారణాలు ఈ దిగువ వరుసగా వ్రాసుకుంటున్నాను.

1. సదరు చోట గాలి పక్షం రోజులుగా దిక్కు మారినందున, మంచె మీది మనిషి వాసన దుప్పులకు ముందే అందును. కావున షికారు సాగదు.

2. సదరు చోటి మడుగులో నీరు అడుగంటినది. నీరు లేనిచోట దుప్పి నిలువదు.

3. సదరు చోట చిరుతపులి తిరుగుచున్నట్లు పశువుల కాపరులు చెప్పుచున్నారు. దొరల ప్రాణాలకు ముప్పు. (చిరుత అని తెలిస్తే దొరలు వెనుకకు పోరనీ, ఇంకో రెండు తుపాకులు ఎక్కువ తెస్తారనీ వ్రాసిన తరువాత తోచినది.)

4. పై మూడు అంశాలూ అబద్ధాలు. గాలి సరిగానే ఉన్నది. మడుగు నిండా నీళ్ళున్నవి. చిరుతను మా తాతల నాటి నుండి ఎవరూ చూడలేదు. స్టాంపు కాగితం ఒక్కటే ఉన్నందున చించి వేరేది వ్రాయలేకపోయాను. తమరు దయచేసి వాటిని కొట్టివేసినట్లు భావించి ఇక్కడి నుండి చదువుకోవలెను.

5. నిజమేమనగా, సదరు అడవిలో ఇప్పుడు మా ఊరు ఉన్నది.

బహ్మన్ నెల మొదట్లో మా ఇండ్లలో ఎలుకలు పడ్డవి. అటక మీది ఎలుక కిందపడి గిరగిర తిరిగి చస్తే మా వైపు ఎవరూ రోగం పేరెత్తరు, అమ్మ వచ్చిందంటారు. నాలుగో నాడు హన్మంతుకు చంకలో గడ్డ లేచింది. హన్మంతు నా హాకాకు డప్పు కొట్టేవాడు. అతడి డప్పుకు దుప్పి ఎటు తిరగమంటే అటు తిరిగేది. రెండు రోజులు మూలిగి పోయినాడు. హన్మంతు శవం లేచిన పూటనే మా ఊరు కూడా లేచింది.

ఊరు విడిచేటప్పుడు మాకొక కట్టడి ఉన్నది. తలుపులు వేయరాదు. అమ్మ ఇల్లిల్లూ తిరిగి తనంతట తాను పోవాలె గనుక, వడ్ల గుమ్ములు సైతం అట్లనే వదిలి, తలుపులు బార్లా తెరిచి, కుండా చాపా పట్టుకొని పోవాలె. పోయినచోట కొత్త పొయ్యి రాళ్ళు పెట్టుకోవాలె. ఒకసారి పెట్టిన రాళ్ళను అమ్మను సాగనంపే దాకా కదల్చరాదు.

ఎటు పోదామని అందరూ నా ముఖం చూశారు. అడవి తెలిసినవాడిని నేనే గదా. నీళ్ళు దగ్గర, నేల చదును, చుట్టూ పొదల చాటు, చలిగాలి తగలకుండా ఒక పక్క గుట్ట. ఇంతకంటే మంచి చోటు లేదని తీసుకుపోయి నిలబెట్టాను. సరిగ్గా ఇవే మాటలు వానకాలం వెళ్ళగానే దొరల గుమాస్తాకు ఉత్తరంలో వ్రాశాను. ఆ మడుగు ఒడ్డునే దొరలకు మంచె కట్టించాను. షికారుకు ఇంకా నెల ఉన్నది, పదిహేను రోజుల్లో అమ్మ సాగిపోతుంది, ఇండ్లకు మళ్ళుతామనుకున్నాను. తరువాత ఇంకో ఇద్దరు పోయినారు. ఒక్కో చావుతో మా గడువు మళ్ళీ మొదటికి వచ్చింది.

6. ఇక తమ కచేరీ నుండి రెండవ వాకబు వచ్చిన సంగతి. షికారు చోట నివాసం గాని, అంటురోగం గాని ఉన్నదా అని తమరు అడిగినారు. అప్పటికి మేము అడవికి వచ్చి వారం దాటినది. ఆ కాగితం పట్టుకొని మా పోలీసు పటేలు వెంకట్రాములు గారి గుడిసెకు పోయినాను.

"గింత దానికి ఫికరెందుకు పండరీ? రోగం లేదు, మనుషులు లేరని రాయి. దొరలొచ్చే నాటికి మనం ఊళ్లనే ఉంటం. రోగమని రాస్తే సూదులోళ్లొస్తరు, ఇండ్ల కప్పులిప్పుతరు, వడ్లకు అగ్గి పెడ్తరు. ఇగ ఏడాదంత ఏం తింటం?" అన్నారు.

పటేలు గారి మీద నెట్టి తప్పుకోవడానికి ఇది వ్రాయడం లేదు. కలం పట్టింది నేను. నాకు ఇంకొక ఆశ కూడా ఉండెను. నా పని మెచ్చుకుంటూ దొరలు ఇచ్చిన చిట్టీలు రెండు నా దగ్గర ఉన్నవి. పండరి ఎంచిన చోట గురి తప్పదని వాటిలో ఉన్నదట. మూడవ చిట్టీ కూడా రావాలని ఉండెను. "నివాసం లేదు, రోగం లేదు" అని వ్రాసి సంతకం చేశాను. తమరు నన్ను నమ్మి పర్వానా ఇచ్చినారు. తమరి తప్పు ఇందులో లేదు.

7. షికారు ఎట్లా సాగుతుందో తమరికి తెలియనిది కాదు గాని, నాకింత తొందర ఎందుకో తెలియుటకు వ్రాస్తున్నాను. సదరు చోటుకు మూడు పక్కల నుండి హాకా చేస్తే జంతువు బయటపడే దారి ఒక్కటే ఉన్నది. ఆ దారి మంచెకు ఎదురుగా పోతుంది. అది ఉన్నందుకే నేను ఆ చోటు ఎంచినాను. ఈ ఏడు మా ఊరి జనం రాలేరని ఏదో సాకు చెప్పగా, గుమాస్తా పెద్ద కొడప్‌గల్ నుండి ఎనభై మందిని మాట్లాడుకున్నాడు. పొగమంచు విడువకముందే వాళ్ళు మూడు దిక్కుల నుండి ఒక్కసారి డప్పు మోగిస్తారు. గుడిసెలు ఉన్నట్టు వాళ్ళకు తెలియదు. పొదలు దాటి వచ్చి చూసేసరికి పని అయిపోయి ఉంటుంది. నిద్రలో ఉన్న ఆడవాళ్ళూ పిల్లలూ ఆ మోతకు బెదిరి ఎటు ఉరుకుతారు? దుప్పి ఉరికే దారినే ఉరుకుతారు. మంచులో కదిలేది ఏదైనా మంచె మీది నుండి ఒక్కతీరుగానే కనబడుతుంది.

హాకా పెద్దకు దొరలు ఒక ఎర్ర రుమాలు ఇస్తారు. ఎరుపు కనబడిన దిక్కున తుపాకీ దించాలని వాళ్ళలో వాళ్ళకు కట్టడి. నిరుడు ఇచ్చిన రుమాలు నా తలకు ఉన్నది. అడవిలో ఉన్న మా జనం నూట అరవై మూడు.

మంచె కట్లు మొన్ననే విప్పి పడేశాను. కానీ దొరల వెంట మడత మంచెలు వస్తవి, నా నక్ష వాళ్ళ చేతిలో ఉన్నది. నేను గీసిన నక్షలో మా గుడిసెలు లేవు.

8. జనాన్ని వేరేచోటికి కదిలించవచ్చు గదా అని తమరు అడుగవచ్చును. అడిగినాను. మా ఊరి అమ్మ కొలుపులు చేసే పోసవ్వ, ఎనభై ఏండ్ల మనిషి, పొయ్యి ముందు కూర్చొని నా మాట అంతా విన్నది.

"రాళ్లు పెట్టినం బిడ్డా. అమ్మ సాగకముందు రాయి కదిలిస్తే, జనమంత పొయ్యి ఇడిసి ఒక్క పూట పోయినా, అమ్మ మన ఎంబడే వస్తది. తుపాకి ఒక్కణ్నో ఇద్దర్నో సంపుతది. అమ్మ ఇల్లిల్లు ఊడుస్తది. ఎవలికి భయపడాలెనో నువ్వే సెప్పు" అన్నది.

ముగ్గురిని పూడ్చి వచ్చిన జనానికి ఆమె మాటే చెల్లింది. వాళ్ళను మూర్ఖులని తమరు అనుకోవద్దు. భయం రెండు పక్కల ఉన్నప్పుడు మనిషి తాను చూసిన భయానికే ఎక్కువ వణుకుతాడు.

నా భార్య భూమవ్వ ఆ గుడిసెల్లోనే పన్నెండు రోజుల కింద ఆడపిల్లను కన్నది. ఆమెకు నిన్నటి దాకా ఈ సంగతి చెప్పలేదు. చెప్పినప్పుడు ఏడవలేదు, తిట్టలేదు. "దొరలకు సూపిచ్చిన జాగనే మాకు సూపిచ్చినవా?" అన్నది. మళ్ళీ, "పచ్చి బాలింతను. పిల్లను సంకల పెట్టుకొని నేనెటు ఉరకాలె? గదన్న సెప్పు" అన్నది.

ఆ అడవిలో ప్రతి కాలిబాటా నాకు తెలుసు. ఆమెకు చెప్పడానికి ఒక్క బాట కూడా దొరకలేదు. అయ్యా, నాకు చాలా భయంగా ఉన్నది.

9. ఇంకొక పాడు ఆలోచన చేసిన సంగతి కూడా దాచను. నిన్న పొద్దున గుట్ట ఎక్కి మా ఊరి వైపు చూశాను. ఊరి నిండా దుప్పులే. తోలేవాడు లేడు, కుక్క లేదు, తలుపులన్నీ తీసి ఉన్నవి. మా వాకిట్లో చిక్కుడు పందిరి కింద పెద్ద కొమ్ముల పోతు ఒకటి నిలబడి, భూమవ్వ పెంచిన పాదును తీరిగ్గా మేస్తున్నది. మూడేండ్లుగా దొరలకు ఉత్తరాల్లో ఆశపెడుతున్న కొమ్ములు అవే. మేసి మేసి గడప దాకా పోయి లోపలికి తొంగి చూసింది. దుప్పి నా ఇంట్లో ఉన్నది, నేను దాని ఇంట్లో ఉన్నాను. ఇంత దుఃఖంలోనూ నవ్వు వచ్చింది.

అప్పుడు తోచింది, షికారును ఊళ్ళోకే మార్చమని వ్రాస్తే సరి గదా అని. దొరలకు కొమ్ములు దక్కుతవి, మా జనం బతుకుతారు, రోగం మాట బయటపడదు. కానీ ఆ ఇండ్లలో అడుగుపెట్టినవాడికి ఏమవుతుందో హన్మంతును చూసిన నాకు తెలుసు. దొరలైనా తల్లి కన్న బిడ్డలే. పెద్ద కొడప్‌గల్ వాళ్ళు ఎనభై మందీ ఆలుపిల్లలు గలవాళ్ళే. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం పేర్చి ఇక్కడి దాకా వచ్చాను. ఇంకొకటి పెట్టడానికి చేయి రాలేదు.

10. కావున మనవి ఏమనగా: ఇప్పలకుంటలో రోగం ఉన్నది. మా జనం సర్కారు అడవిలో ఉన్నారు. ఈ రెండు మాటలూ నా చేతితో, నా తెలివితో వ్రాస్తున్నాను. దొరల మోటారు బుధవారం సాయంత్రం నిజాంసాగర్ బాటన వస్తుంది. అది గుడారాల దాకా పోకముందే ఆపించి, గురువారం షికారు రద్దు చేస్తూ హుకుం ఇప్పించవలెను. పర్వానా తమరిది గనుక దొరలు తమ హుకుంకు తప్ప నా మాటకు ఆగరు. సూదులవాళ్ళను పంపితే పంపండి. మొదటి సూది నేను వేయించుకుంటాను, నన్ను చూసి మిగతావాళ్ళు వస్తారు. కప్పులు విప్పక తప్పకపోతే విప్పించండి. వడ్లు మాత్రం తగలబెట్టకుండా ఎండలో పోయించి ఆరబెట్టే దారి ఏదైనా ఉంటే తమరే ఆలోచించవలెను, అవి తప్ప మాకు తిండి లేదు. తప్పుడు పత్రం వ్రాసినందుకు ఏ శిక్ష వేసినా పడతాను. గురువారం గడిచిన తరువాత వేయండి.

నేనే వచ్చి తమ కాళ్ళ మీద పడవలసినవాడిని. రోగం ఊరివాడు బాన్సువాడలో అడుగుపెడితే పాపమని రాలేదు. ఈ కాగితానికి వేపాకు పొగ పట్టించినాను, ముట్టుకొనుటకు భయం లేదు. వాగు ఒడ్డున రాయి కింద పెడితే టప్పా ఉత్తరాల సంచి మోసే శివరాం తీసుకొని వస్తాడు. ఉర్దూలోకి మార్చే మున్షీ గారు మొదటి మూడు అంశాలు వదిలినా, ఐదవది మాత్రం వదలకుండా తర్జుమా చేయవలసినదని ప్రార్థన.

ఇంతకు మించి దాచినది ఏమీ లేదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు, తమ నమ్మకం చెడగొట్టినవాడు,
ముత్తెన్న కొడుకు పండరి
హాకా పెద్ద, ఇప్పలకుంట

తా.క.: హుకుం సమయానికి అందకపోతే ఎట్లా అని, ఈ పూట నా ఎర్ర రుమాలును చింపినాను. అరచేతి వెడల్పుకు తగ్గితే దూరానికి కనబడదు. ఆ లెక్కన నలభై పేలికలు అయినవి. తప్పు నాది గనుక ముందు అందరి గుడిసెలకూ కట్టి వచ్చాను. నలభై ఒకటవది మాది. దానికి భూమవ్వ తన పెండ్లినాటి ఎర్ర రవికను తలుపు మీద కట్టింది. కట్టి, "కనబడుతదా?" అని అడిగింది. కనబడుతుందన్నాను. తరువాత మంచె ఉన్న చోటికి పోయి నిలబడి చూశాను. అరవై అంగల దూరం. ఉతికి ఉతికి ఆ రవిక ఎరుపు ఎన్నడో వెలిసిపోయింది అయ్యా. అక్కడి నుండి చూస్తే అచ్చం దుప్పి ఒంటి రంగులో ఉన్నది.