గుట్ట మీదికి వెళ్ళిన సైకిల్

డిసెంబర్ 28, 2020
మెక్సికో నగరం మళ్ళీ మూతపడింది. ఆఫీసుల వీధిలో అద్దె సైకిళ్ళు స్టాండుల్లో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. వాటిని లారీకెక్కించి ఆసుపత్రి ముందు స్టాండుకి చేర్చడమే ఇప్పుడు మా డ్యూటీ. ఎన్ని దించినా పది నిమిషాల్లో ఖాళీ. మెట్రో ఎక్కాలంటే నర్సులకి భయం, నర్సులని ఎక్కించుకోవాలంటే బస్సువాళ్ళకి భయం. నాతో పనిచేసే ఓడిలోన్‌ది మాత్రం రోజూ ఒకటే జోకు: అన్నా, మనం మోస్తున్నది సైకిళ్ళనా, జబ్బునా?

జనవరి 5, 2021
ఒక సైకిల్ పదకొండు రోజులుగా వెనక్కి రాలేదు. పట్టుకురమ్మని ఆఫీసు నుంచి ఫోన్. జీపీఎస్ గుట్ట మీద బస్తీలో చూపిస్తోంది. మా స్టాండులు గుట్ట కింద పెద్దరోడ్డు దగ్గరే ఆగిపోతాయి. పైన జనం లేక కాదు. వాళ్ళకి అడిగే నోరు లేదు.

లారీ సగం దాకానే ఎక్కింది. మిగతాది నడిచాం. సైకిల్ గోడకి ఆనించి ఉంది, వెనక చక్రంలో గాలి లేదు. తలుపు తీసిన ఆవిడ పేరు దోమితిలా. యాభై దాటి ఉంటాయి. ఆసుపత్రిలో మంచం దొరక్క భర్తని ఇంట్లోనే పెట్టుకుందట. ఆక్సిజన్ సిలిండర్ చూస్తే టాక్సీలు ఆగట్లేదట. రోజుకి రెండుసార్లు దాన్ని సైకిల్‌కి కట్టుకుని కిందికి దిగుతుంది, ఆక్సిజన్ నింపించుకుని పైకి తోసుకొస్తుంది.

తీసుకుపోండయ్యా, మీదే కదా, అంది. మళ్ళీ తనే, సాయంత్రానికి సిలిండర్ అయిపోతుంది, ఈ ఒక్కసారికి తెచ్చుకున్నాక ఇస్తే కుదరదా, అంది.

ఓడిలోన్ నన్ను అడగలేదు. కూర్చుని ట్యూబు మార్చేశాడు.

సైకిల్ దొరకలేదని రాసిచ్చాను.

జనవరి 6
మేనేజరు నమ్మలేదు.

జనవరి 9
గుట్ట మీద, లారీ ఎక్కగలిగే చోట, ఒక స్టాండు పెట్టమని మేనేజరుని అడిగాను. అక్కడెవడు తొక్కుతాడయ్యా, డిమాండే లేదు, అన్నాడు. స్టాండే లేనిచోట డిమాండ్ ఎలా కనిపిస్తుందని అడగాల్సింది. సరేనని లారీ దగ్గరికి వచ్చేశాను.

జనవరి 14
ఓడిలోన్ రాలేదు. జ్వరమట.

జనవరి 19, మధ్యాహ్నం
ఓడిలోన్‌కి ఊపిరి ఆడట్లేదు. వాళ్ళావిడ ఫోన్లో ఏడుస్తోంది. పొద్దున్నుంచి తిరిగాను, ఊరంతా వెతికినా ఒక్క సిలిండర్ లేదు. చివరికి గుట్ట ఎక్కాను. ఆక్సిజన్ ఎక్కడ నింపుతారో, ఖాళీ సిలిండర్ ఎవరిస్తారో కనుక్కుందామని మాత్రమే. ఒట్టు.

గుమ్మానికి నల్లగుడ్డ కట్టి ఉంది. భర్త పోయి మూడు రోజులైందట.

వెనక్కి తిరగబోయాను. ఆక్సిజన్ ఎవరికి, అని ఆవిడే అడిగింది. ట్యూబు మార్చిన అతనికి, అన్నాను. లోపలికెళ్ళి సిలిండర్ ఈడ్చుకొచ్చింది. సగం నిండే ఉంది. ఇంట్లో ఉంటే దాన్నే చూస్తూ కూర్చుంటున్నాను, పట్టుకుపో నాయనా, అంది. నాకు ముడి వేయడం రాకపోతే తనే గోడకి ఆనించి ఉన్న ఆ సైకిల్‌కే బిగించి కట్టింది. దిగేటప్పుడు వెనకనుంచి పట్టుకో, లేకపోతే లాగేస్తుంది, అని చెప్పింది.

ఫిబ్రవరి 2
ఓడిలోన్ ఈరోజు మొక్కజొన్న జావ సగం గిన్నె తాగాడు. సిలిండర్ ఎక్కడిదన్నా, అని అడిగాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చారని చెప్పాను.