బావమరిది పేరున రెండు గదులు

జూన్ 11
ఇంటాయన వచ్చారు. కుర్చీ వేశాను. కూర్చోలేదు. అప్పుడే అర్థమైంది.
"ఏమీ అనుకోకండి మాస్టారూ. ఇల్లు ఇచ్చేసేమండి. కొన్నవాళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతారంట. కార్తీకం వెళ్ళేదాకా మీ జోలికి రావద్దని మాట తీసుకున్నాను."
ఈ అద్దె పోర్షన్‌లో ఇరవై ఒక్క ఏళ్ళు. గేటు దగ్గర ఆగి అన్నారు — "పద్మమ్మగారుంటే నాకు నోరొచ్చేది కాదండి."
నేనొక్కణ్ణే కాబట్టి వచ్చింది.
పద్మ పోయింది కార్తీకంలో. సంవత్సరీకం ఇక్కడే పెట్టుకోవచ్చు. అంతవరకు నయం.

జూన్ 15
అద్దెకు మూడు ఇళ్ళు చూశాను. మూడు చోట్లా ఒకే ప్రశ్న.
"ఇంట్లో ఆడవాళ్ళెవరండీ?"
లేరు అన్నాను. పోయారు అన్నాను.
"అయ్యో... ఫ్యామిలీకే ఇద్దామనుకుంటున్నామండి."

జూన్ 17
మరో రెండు. అదే ప్రశ్న. రెండో చోట మజ్జిగ ఇచ్చి మరీ కాదన్నారు.

జూన్ 22
ఇక కొనుక్కోవడమే. బ్రోకరు సత్తిబాబు బండి మీద తిప్పాడు. కలెక్టరాఫీసు వైపు కొత్త ఫ్లాటు. ఒక పడగ్గది, హాలు అని వాళ్ళు చెప్పే చోటు, వంటగది. వంటగదిలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి.
"ఇరుకయ్యా" అన్నాను.
"ఒక్కరేగా మాస్టారూ."
...
ధర నలభై రెండు. లక్షలు అనే మాట అనడం కూడా మానేశారు.
మెట్లు దిగుతుంటే అన్ని తలుపులకీ తాళాలు. ఈ అంతస్తులో ఎవరుంటారని అడిగాను.
"ఎవరూ ఉండరండి. అన్నీ అమ్ముడైపోయేయి."
కువైట్‌లో ఒకరు, మస్కట్‌లో ఒకరు. చూడకుండానే కొన్నవాళ్ళట. మధ్యలో ఒక ఫ్లాటు రిజిస్ట్రేషను అవకుండానే నలుగురి చేతులు మారింది. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకోవడం, గడువులోగా ఆ కాగితాన్నే ఇంకొకడికి ఎక్కువకి అమ్మెయ్యడం. సత్తిబాబు గొప్పగా చెప్పాడు. ఇల్లు కదలదు, కాగితం తిరుగుతుంది.

జూన్ 29
కాలువగట్టు వీధి. టైలరు అప్పారావుగారి ఇల్లు. రెండు సెంట్లు, రెండు గదులు, ఎర్ర గచ్చు, వెనక మునగచెట్టు. ఆయన రావులపాలెంలో కూతురి దగ్గరకు వెళ్ళిపోతారట. ముందు గదిలోకి మధ్యాహ్నం ఎండ చక్కగా పడుతోంది. మిషను ఆపకుండానే ధర చెప్పారు. ముప్పై ఒకటి.
మూడేళ్ళ కిందట ఈ వీధిలోనే పద్మ ఒక ఇల్లు చూసింది. "పద్దెనిమిదా! ఎవరిస్తారు!" అని నవ్వింది. ఆమె నవ్విందని నేనూ నవ్వాను. వచ్చేశాం.

జూన్ 30
విశాఖ నుంచి లావణ్య ఫోను. డ్యూటీలో ఉంది, వెనక ఎవరో సిస్టర్, సిస్టర్ అని పిలుస్తున్నారు.
"నాన్నా, వెంటనే తీసుకో. వచ్చే నెలకి ఉండదు."
"ఆలోచిస్తున్నాను."
"నువ్వాలోచించేలోగా ముప్పై ఐదవుద్ది."

జూలై 2
రాజోలు వెళ్ళాను. అత్తగారికి చెప్పకుండా కొనలేను.
"ఏడాది తిరక్కుండా ఇల్లు కొనడమేంటి బాబూ. సూతకంలో మీ పేరున కాగితం రాయిస్తారా. నా కూతురు సంవత్సరీకం కానివ్వండి."
ఏడవలేదు. గట్టిగా కూడా అనలేదు. ఎదురు చెప్పలేకపోయాను.
నవంబరు దాకా ఆ ఇల్లు ఆగదు.

జూలై 3
శ్రీను వచ్చాడు. పద్మ తమ్ముడు. కువైట్ నుంచి వచ్చేసి రెండేళ్ళు. కొత్తపేటలో టైల్స్ షాపు. వాళ్ళమ్మ చెప్పి పంపింది.
"దీనికంత ఆలోచనేంటి బావగారూ. సూతకం మీకు, మీ ఇంటిపేరుకి. నాకు మూడ్రోజులతో అయిపోయింది. అగ్రిమెంటు నా పేరున రాయిద్దాం. ఏడాది తీరేక రిజిస్ట్రేషను నేరుగా మీ పేరున."
అత్తగారు ఫోనులో ఒప్పుకున్నారు. దోషం లేదట. లావణ్య కూడా మంచి ఐడియా అంది. అందరికీ నచ్చింది. నాకూ.
అక్క పోతే తమ్ముడికి మూడు రోజులు. శాస్త్రం.

జూలై 6
అగ్రిమెంటు అయింది. సగం డబ్బు ఇచ్చాను — నా పీఎఫ్‌లో తీసింది. కొనేవారు: శ్రీను. గడువు: కార్తీకం చివరి వరకు. రిజిస్ట్రేషన్ 'ఆయన పేరున గాని, ఆయన చెప్పినవారి పేరున గాని'. అందరి అగ్రిమెంట్లలోనూ ఉండే మాటేనట. చదివే సంతకం పెట్టాను. సాక్షిగా.
నా ఇంటికి నేను సాక్షిని.
అప్పారావుగారు ఒక్కటే అడిగారు.
"ఉండేది ఎవరండీ?"
"నేనే."
"ఆయ్. అయితే మంచిదే. తాళం పెట్టే వాళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదండి."

జూలై 20
కాలేజీ నుంచి అటుగా వచ్చాను. లోపలికి వెళ్ళలేదు. మంచం ఏ గోడకు వేయాలో చూసుకున్నాను — బయటి నుంచే, కిటికీలోంచి.

జూలై 21
మళ్ళీ అటుగా.

ఆగస్టు 14
సంతలో సత్తిబాబు.
"మాస్టారూ, మీ కాలువగట్టు నలభై రెండు దాటేసిందండి! రైలు స్టేషను అటే వస్తాదంట."
"నాదెక్కడిదయ్యా, మా బావమరిది పేరున ఉంది" అన్నాను. సరదాకే.
వాడు నవ్వలేదు. కూరల సంచి చేయి మార్చుకున్నాడు.
"ఆయ్. తెలుసండి. శ్రీనుగారే అడిగేరు, ఎంతకి పోద్దని."

ఆగస్టు 15
ఊరికే అడిగి ఉంటాడు. ధర అడగనివాళ్ళెవరు? స్టాఫ్ రూములో అదే, టీ కొట్టు దగ్గర అదే, గుడిలో ప్రసాదం క్యూలో కూడా సెంటు ఎంత అనే.

ఆగస్టు 31
శ్రీనుకి ఫోను చేశాను. వానల గురించి మాట్లాడాం. అత్తగారి మోకాళ్ళ గురించి. అడగలేదు.
పెళ్ళయిన కొత్తలో వాడు మా దగ్గరే ఉండి చదివాడు. పద్మ వాడికి అన్నం కలిపి ముద్దలు పెట్టేది — పదో తరగతి వాడికి. నేను ఎగతాళి చేసేవాణ్ణి.
ఏమని అడగాలి?

సెప్టెంబరు 11
మాసికం. శ్రీను రాలేదు. షాపులో పని ఉందట.

సెప్టెంబరు 20
"మామయ్యని అడిగావా నాన్నా?"
"అడుగుతాను."
"నువ్వడగవు." పెట్టేసింది.

అక్టోబరు 3
అప్పారావుగారు కాలేజీకే వచ్చేశారు. లాబ్ బయట నిలబడ్డారు, చెప్పులు విప్పి. నేను వేసుకోండి అన్నా వేసుకోలేదు.
"ఎవరో కారులో వచ్చేరండి. టేపు పెట్టి ఇల్లు కొలిచేరు. మీవాళ్ళేనా?"
"కాదండి."
"చేతిలో మన అగ్రిమెంటు జెరాక్సు ఉందండి. మునగచెట్టు తీసేసి కారు పెట్టుకుంటారంట... నేను కాగితంలో పేరున్న ఆయన ఎవరికి చెప్తే వాళ్ళకే రాసివ్వాలి కదండీ. మీరు ఏమీ అనుకోకూడదు."
అనుకోను అన్నాను. పిల్లలు లోపల బర్నర్లు వెలిగించి కూర్చున్నారు. వెళ్ళి ఆర్పించాను. ప్రయోగం రేపు అన్నాను.

అక్టోబరు 5
కొత్తపేట. షాపు నిండా టైల్స్ పెట్టెలు, కప్పు దాకా. కొనేవాళ్ళు ఎవరూ లేరు. లోపల నుంచి శ్రీను భార్య రాణి — "అన్నయ్యగారూ, భోంచేసే వెళ్ళాలి." వద్దన్నాను. టీ తెచ్చింది.
శ్రీను నా మొహం చూడకుండా మొదలెట్టాడు.
"నేనేం చెయ్యలేదు బావగారూ. అడిగేరు, అంతే."
"కొలిచారు కదా."
"కొలవడం వేరు, అమ్మడం వేరు."
తరువాత వాడే —
"ఊరంతా ఇళ్ళు కొంటన్నారు. టైల్సు ఒక్కడూ వెయ్యట్లేదు. ఉండేవాళ్ళుంటే కదా వేస్తారు. షట్రు దించేసే పరిస్థితి బావగారూ. ఈ ఒక్క కాగితం కదిలిందంటే... మీది మీకు వచ్చేస్తాది, పైది చెరిసగం. దాంతో మీరు ఫ్లాటు చూసుకోండి."
"ఫ్లాటు ధర పెరగలేదా?"
అప్పుడు అన్నాడు —
"అక్కుంటే ఒప్పుకునేది."
గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. బస్టాండు దాకా వెనకే నడిచి వచ్చాడు. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డాడు.

అక్టోబరు 6
ఒప్పుకునేదా?
వాడు అడిగినదేదీ పద్మ కాదనలేదు. అదీ నిజం. సొంత ఇల్లు కావాలని ఇరవై ఒక్క ఏళ్ళలో నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అదీ నిజం.
తెలియదు.

అక్టోబరు 19
ఇంటాయన గేటు దగ్గర. "తొందరేం లేదు మాస్టారూ... చూసుకున్నారా ఎక్కడైనా?"
చూసుకున్నాను అన్నాను.

అక్టోబరు 27
పుస్తకాలు కట్టలు కడుతున్నాను. ఆమె బీరువా తెరవలేదు. అలాగే, తాళంతోనే మోయించాలి.
ఎక్కడికి?

నవంబరు 9
సంవత్సరీకం అయింది. లావణ్య వచ్చింది. అత్తగారు వచ్చారు. శ్రీను తెల్లారకుండానే వచ్చాడు. అరటాకులు వాడే కోసుకొచ్చాడు, గాడిపొయ్యి దగ్గర వాడే కూర్చున్నాడు. కళ్ళు పొగకు ఎర్రబడ్డాయో, ఏమో.
భోజనాలయ్యాక పద్మ పుట్టింటివాళ్ళు నాకు కొత్త బట్టలు పెట్టాలి. పంచె శ్రీను తెచ్చాడు. చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టాడు. ఒక క్షణం ఎక్కువ వంగే ఉన్నాడు.
అత్తగారు అందరి ముందూ అన్నారు. "ఇంక సూతకం లేదు. ఆ ఇల్లు బావగారి పేరున రాయించెయ్యరా శీనూ."
"ఆయ్ అమ్మా."
నా వైపు చూడలేదు.
లావణ్య వంటింట్లోకి వచ్చి — "అమ్మమ్మకి చెప్పేయనా?"
వద్దన్నాను.
"ఎందుకు?"
కూతురు పోయిన ఏడాదికే కొడుకు గురించి వినాలా ఆవిడ. ఇది లావణ్యతో అనలేదు.

నవంబరు 12
రిజిస్ట్రేషన్ ఎల్లుండి. శ్రీను మెసేజ్: '10:30 కి ఆఫీసు దగ్గర.' ఇంకేమీ లేదు. ఎవరి పేరునో లేదు.
మిగతా డబ్బుకు బ్యాంకు చెక్కు తీసుకున్నాను.

నవంబరు 13
కొత్త పంచె ఇస్త్రీ చేయించాను. రేపటికి కట్టుకుందామా అని. మళ్ళీ ప్యాంటే తీసిపెట్టుకున్నాను.

నవంబరు 14
రిజిస్ట్రారాఫీసు ఎదురుగా, టిఫిన్ కొట్టు బల్ల మీద రాస్తున్నాను. డైరీ ఆధార్ కాగితాలతో పాటు సంచిలో ఉంది.
పదింటికే వచ్చాను. అప్పారావుగారు నాకంటే ముందే వచ్చి ఉన్నారు. పదకొండుకి శ్రీను బండి. వెనకే తెల్ల కారు. కారులో మనిషి దిగలేదు, అద్దం కూడా దించలేదు.
శ్రీను నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. అగ్రిమెంటు నా చేతిలో పెట్టాడు.
"వెనకాల చెయ్యలేను బావగారూ. నాలుగు నెలల్నుంచీ చేద్దామనే చూసేను, నా వల్ల కాలేదు. అందుకే ఎదురుగా అడుగుతున్నాను. మీరు ఊఁ అంటే ఆ కారులో ఆయన పేరు. కాదంటే మీ పేరు. కాదన్నా నేనేం అనుకోను."
"అనుకోకుండా ఏం చేస్తావు?"
"షాపు తీసేసి మళ్ళీ కువైటెళ్ళిపోతాను. అమ్మని... మీరు చూసుకోవాలి."
బెదిరింపు కాదు. బెదిరించడం వాడికి రాదు. బెదిరింపైతే సులువుగా ఉండేది.
దస్తావేజు రాసే ఆయన లోపలికి పిలిచాడు. అమ్మేవారు — అప్పారావుగారు చెప్పారు, తండ్రి పేరు, వయసు, అన్నీ. టైపు చేసుకున్నాడు.
"కొనేవారి పేరు చెప్పండి."
ఆయన తల ఎత్తాడు.
"ఎవరండీ కొనేది?"
అప్పారావుగారు నన్ను చూశారు. శ్రీను నేలను చూశాడు. నోరు తెరిచాను. నా పేరే వచ్చేది — నా ఇంటిపేరు దాకా వచ్చింది. అక్కడ ఆగాను.
ఆయన విసుక్కున్నాడు. "తేల్చుకుని రండి. లంచ్ తరువాత చూద్దాం." టైపు చేసినదాంట్లో ఆ చోటు అలాగే ఖాళీగా వదిలి లేచిపోయాడు.
రెండింటికి తీస్తారు. ఇప్పుడు ఒకటీ నలభై. కారు ఇంజను ఆపలేదు. శ్రీను ఒక పొట్లం తెచ్చి నా మోచేతి దగ్గర పెట్టాడు. పులిహోర. తను తినలేదు. ఎదురు బల్ల మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు, కింది పెదవి లోపలికి మడిచి. ఆస్పత్రిలో డాక్టరు కోసం పద్మ అలాగే కూర్చునేది.
"తినండి బావగారూ. పొద్దున్నుంచీ ఏం తినలేదు మీరు."
నువ్వు తిను అన్నాను.
పొట్లం ఇద్దరి మధ్యలోకి జరిపాను.