పద్నాలుగో మలుపు

జూన్ 3, మంగళవారం

ఈ రోజు నుంచి నేను మలుపుల శాఖామాత్యుడిని. టీమ్ లీడర్ గారు ఉదయమే పిలిచి, పాత రోడ్డు వెడల్పు చేసే ప్రాజెక్టు అప్పగించారు. ఆఫీసులో ఆయన్ని అందరూ క్లాజు గారు అంటారు. టీకి లేవాలన్నా రూల్సు పుస్తకంలోంచి ఏదో ఒక క్లాజు చెప్పిగానీ లేవరు. అలైన్‌మెంట్ గీత, అంటే రోడ్డు పోయే దారి, ముందే గీశారట. అందులో ఉన్న మలుపులన్నీ ఒక్కొక్కటీ సరిచూసి, తేడా ఉన్నవాటిని ఎడిట్ చేయడం నా పని. ఒక్క మలుపూ వదలొద్దు నాయనా, మనం వదిలితే అది మనల్ని వదలదు అన్నారు.

ఫైలు తెరిచాను. కడుపునిండా తిని పడుకున్న కొండచిలువలా ఉంది రోడ్డు. పద్నాలుగో మలుపు దగ్గర జూమ్ చేశాను. లోపలి పక్క ఒక రేకుల షెడ్డు, బయటి పక్క కాలవ.

మా అన్న ఫిబ్రవరిలో పోయింది అక్కడే.

జూమ్ అవుట్ చేసి ఒకటో మలుపుతో మొదలుపెట్టాను.

జూన్ 4, బుధవారం

క్లాజు గారికి అన్న సంగతి తెలియదు. చెబితే ఫైలు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పైగా ముఖం ఎలా పెట్టాలో తెలియక పాపం ఇబ్బంది పడతారు. సంతాపానికి క్లాజు లేదు కదా.

ఆ మలుపు చూసినా నాకేమీ అనిపించలేదు. ఫిబ్రవరి నుంచీ ఇదే వరస. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే చెంప మన చెంప కానట్టు ఉంటుందే, అలా. మాట్లాడుతున్నాను, జోకులేస్తున్నాను, ఇంట్లో అమ్మ, వదిన తినేది కలిపినా నేను తినేదానికి సమానం కాదు. వీడికి అసలు గుండె ఉందా అని పిన్ని ఎవరితోనో అందట. ఉంది. మొన్న ఆఫీసువాళ్ళు చేయించిన చెకప్‌లో నార్మల్ అని వచ్చింది.

జూన్ 5, గురువారం

పదమూడు దాకా అయ్యాయి. పని సరదాగానే ఉంది. మలుపు మీద క్లిక్ చేస్తే మధ్యలో నీలం గుర్తు వస్తుంది. దాన్ని పట్టుకుని లాగితే రేడియస్ మారుతుంది, అది పెరిగేకొద్దీ వంపు తగ్గుతుంది. ఎంత లాగినా అటూ ఇటూ ఉన్న తిన్నని గీతలతో మాత్రం తెగతెంపులు చేసుకోదు, ఇద్దరికీ నచ్చజెప్పుకుంటూ సర్దుకుంటుంది. పెళ్ళిళ్ళ పేరయ్య జాతకం దానిది. డిజైన్ స్పీడ్ అని ఒక గడి ఉంటుంది. అందులో వేగం వేస్తే, ఆ వేగానికి చాలని మలుపు మీద పసుపు త్రికోణం వస్తుంది. త్రికోణం వస్తే మలుపు ఫెయిల్. రేడియస్ పెంచి పాస్ చేయించాలి. అంటే నేను మలుపులకి ట్యూషన్ మాస్టారిని.

సాయంత్రం వదినతో చెప్పాను, ఆ రోడ్డు నా దగ్గరికే వచ్చిందని. కూర తరుగుతున్నదల్లా ఆపింది. తీసెయ్ దాన్ని, అంది. మనిషిని మింగిన మలుపు అది, ఎవడు వేశాడో వాడి చేతులు పడిపోను, నువ్వన్నా చక్కగా తిన్నగా వెయ్యి అంది. పోలీసుల కాగితంలో బైకు అతివేగం అని ఉంది. చుట్టాలందరూ అదే మాట, పరామర్శకి వచ్చి మరీ. వదిన ఒక్కతే మొదటినుంచీ తప్పు రోడ్డుది అంటోంది. రేపు దాని అంతు చూస్తాను వదినా అన్నాను, వీధి రౌడీ మీదకి వెళ్తున్నవాడిలా చొక్కా చేతులు మడిచి.

జూన్ 6, శుక్రవారం

త్రికోణం రాలేదు.

జూన్ 9, సోమవారం

మళ్ళీ చూశాను. నలభై వేగానికి కావలసినదానికన్నా రేడియస్ ఎక్కువే ఉంది. రోడ్డు లోపలికి వాలాల్సినంతా వాలింది. ముందున్నది కనబడాల్సినంత దూరం కనబడుతోంది. సర్వే ఫోటోలో నలభై అని బోర్డు కూడా ఉంది, నిటారుగా, తుప్పు లేకుండా. వెతికినా మచ్చ లేదు. క్యారెక్టర్ సర్టిఫికెట్ రాసిచ్చేయొచ్చు.

ఇక మిగిలింది అన్న.

పాస్ అయినవాటిని ముట్టుకోకు నాయనా, మలుపులు పూలమొక్కలు కావు రోజూ కత్తిరించడానికి అన్నారు క్లాజు గారు.

జూన్ 10, మంగళవారం

ఏమయ్యా ఇంజనీరూ, దొరికిందా అని వదిన అడిగింది. దొంగ మలుపు వదినా, అంత తేలిగ్గా బయటపడదు అన్నాను. పడుతుందిలే, నువ్వు గట్టివాడివి అని ఇంకో గరిటె కూర వేసింది. తిన్నాను.

జూన్ 12, గురువారం, ఉదయం

చేసేశాను.

ఆ ఒక్క ముక్కకి డిజైన్ స్పీడ్ గడిలో నలభై తీసి అరవై ఐదు వేశాను. ఎంటర్ కొట్టగానే త్రికోణం. ముద్దుగా, పసుప్పచ్చగా. పాసైనవాడికి ప్రశ్నపత్రం మార్చి ఫెయిల్ చేయడం మా వృత్తిలోవాళ్ళకి మాత్రమే చేతనవుతుంది. నీలం గుర్తు పట్టుకుని లాగాను. గీత లోపలికి జరిగింది. షెడ్డు అంచు తాకింది. త్రికోణం ఇంకా ఉంది. లాగాను. త్రికోణం ఆరిపోయేసరికి షెడ్డు, దాని వెనకున్న రెండు గదులు నడిరోడ్డు మీద ఉన్నాయి.

సేవ్.

సాయంత్రం

ఇక్కడ అరవై ఐదు ఎందుకొచ్చింది అని క్లాజు గారు అడిగారు. ముందూ వెనకా అరవై ఐదే సార్, మధ్యలో హఠాత్తుగా నలభై అంటే డ్రైవరు తికమక పడతాడు, వేగంలో సమానత ఉండాలి అన్నాను. ఆయన ముఖం వెలిగింది. శభాష్, దానికో క్లాజు కూడా ఉంది అని నెంబరు చెప్పారు. కొత్త గీతని నేల మీద గుర్తు పెట్టమని సర్వేయర్‌కి పంపించేశారు.

మలుపు పోతోందని వదినతో చెప్పాను. చూశావా, తప్పు దానిదేగా అంది. ఊఁ అన్నాను. లోపలికి వెళ్ళి అమ్మకి కూడా చెప్పింది. గోడ అవతల నుంచి వినబడింది.

నాకు సంతోషం వేయాలి కదా. వేయలేదు. కోపమూ వేయలేదు. తొమ్మిదింటికే నిద్ర ముంచుకొస్తోంది.

జూన్ 17, మంగళవారం

సర్వేయర్ ఫోన్ చేశాడు. ఎండలో ఉన్నా గదిలో ఉన్నా టోపీ తీయడు కనక అతను టోపీ అన్న. గురూ, నీ గీత ఒకాయన ఇంట్లోకి దూరింది, గుర్తు మేకు కొట్టనివ్వడం లేదు, నువ్వే వచ్చి మాట్లాడుకో అన్నాడు. ఫిబ్రవరి తర్వాత అటు వెళ్ళడం ఇదే మొదలు.

షెడ్డు ఒక పంక్చర్ షాపు. ముందు టైర్లు, వెనక కాపురం. మేకు దిగాల్సిన చోట షాపాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాబాయ్, కాగితం మీద ఇప్పటికే లారీలు మీ వంటింట్లోంచి పోతున్నాయి అని టోపీ అన్న అంటే, పోనీ, ఒక్కో లారీని ఆపి టీ ఇచ్చి డబ్బులు తీసుకుంటాం అన్నాడాయన. ఆయన భార్య లోపలి నుంచి, టీ ఎవరు పెడతారట అని అడిగింది.

తర్వాత నా వైపు తిరిగి, ఇంతకీ ఈ మలుపుకి ఏం రోగమొచ్చింది బాబూ అన్నాడు. నెమ్మదిగా వచ్చినవాళ్ళు ఎవరూ పడరు ఇక్కడ, అన్నాడు. చలికాలం చివర్లో ఒక కుర్రాడు పడ్డాడు, పాపం మంచి వయసు, చక్రానికి గాలి కొడుతూ ఇటే చూస్తున్నాను, వెనక ఎర్రలైటు వెలగనేలేదు, అంటే బ్రేకు మీద కాలే పెట్టలేదన్నమాట, నేనే ఆటోలో వేశాను అన్నాడు.

ఇల్లు నిలబెట్టుకోవడానికి చెబుతున్నాడేమో అనుకుని చూశాను. కానీ నా ఫైలు కూడా అదే చెప్పింది, దానికి ఇల్లు లేదు.

ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. తాగాను. సుత్తి పట్టుకుని టోపీ అన్న, ఏం చెయ్యమంటావ్ గురూ అన్నాడు. కొట్టకు, తప్పు ఫైలు వచ్చింది నీకు అన్నాను. అతను నన్నూ, కాలవనీ చూసి, సుత్తి సంచిలో వేసుకున్నాడు.

జూన్ 18, బుధవారం

అరవై ఐదు తీసి నలభై వేశాను. గీత వెనక్కి వెళ్ళి పాత చోటే పడుకుంది.

క్లాజు గారు మండిపడ్డారు. మొన్న అరవై ఐదన్నావ్, ఇవాళ నలభై అంటున్నావ్, ఇది రోడ్డా రేడియోనా తిప్పుకోవడానికి అన్నారు. అక్కడ మా అన్న పోయాడు సార్ అన్నాను. తప్పు మా అన్నది కాకుండా రోడ్డుదవ్వాలని లాగాను అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. చివరికి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. మలుపుకి ముందు నుంచే వేగం తగ్గేలా రోడ్డు మీద గరుకు పట్టీలు వేద్దాం, బోర్డులు ఇంకా వెనక నుంచి మొదలుపెడదాం అన్నారు. సాయంత్రం దాకా ఇద్దరం అదే చేశాం. ఒక్క క్లాజు నెంబరూ చెప్పలేదు.

జూన్ 19, గురువారం

వదినతో చెప్పాలి. చెప్పలేదు.

జూన్ 20, శుక్రవారం

చెప్పలేదు.

జూన్ 22, ఆదివారం

వదిన డాబా మీద బట్టలు తీస్తోంది. వెళ్ళి క్లిప్పులు అందుకుంటూ, మలుపు ఉంటుంది వదినా అన్నాను. ఎందుకూ అంది. బాగానే ఉంది అది, మొదటి రోజు నుంచీ బాగానే ఉంది, నేనే నీకు అబద్ధం చెప్పాను అన్నాను. ఇల్లు పోబోయిన షాపాయన గురించి చెప్పాను. ఎర్రలైటు గురించి కూడా చెప్పాను.

దుప్పటి మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ పెట్టింది. అయితే ఆయనే, అంది. అవును అన్నాను.

నాకు తెలీదనుకున్నావా, వెనక నేను కూర్చుంటే కూడా తగ్గించేవాడా మీ అన్న, అంది. అందరూ ఆయన్నే అంటుంటే ఒక్కదాన్నైనా అనకుండా ఉందామనుకున్నాను, ఒక్కదాన్నైనా అంది. దుప్పటితో నా భుజం మీద ఒకటి వేసింది. వెధవ, అంది. అన్నో నేనో తెలియలేదు.

ఆవిడ ఏడుస్తుంటే నవ్వించడానికి ఏదో అనబోయాను. ఎప్పుడూ ఏదో ఒకటి వస్తుంది. రాలేదు. క్లిప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

జూన్ 28, శనివారం

వదిన వెళ్దాం అంది. వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాను. మలుపు కనబడగానే తగ్గించు అంది. నలభై. తగ్గించు అంది. ఇరవై. ఇంకా అంది. ఇక బండి నిలబడదు, అందుకని ఇద్దరం దిగాము. నేను హ్యాండిల్, ఆవిడ సీటు పట్టుకుని నడిపించుకుంటూ మలుపు తిరిగాము. ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో నేల మీద తెలియలేదు. వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. మేము తొందరపడలేదు.